మీ సీనియర్లు టీమ్ లీడర్లుగా ఎదగాలంటే ముందు రివ్యూ పద్ధతి మార్చండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పన్నెండు మంది పనిచేసే బుక్ కీపింగ్ సంస్థ మీది. ముగ్గురు సీనియర్లు, మిగతావాళ్లు జూనియర్లు. ప్రతి చిన్న సందేహమూ మీ దగ్గరికే వస్తోంది. మీరు రెండు రోజులు లేకపోతే నెలాఖరు క్లోజింగ్, అంటే ఆ నెల లెక్కలు సరిచూసి ముగించే పని, ఆగిపోతోంది. అందరికంటే బాగా పనిచేసే సీనియర్‌ని టీమ్ లీడర్‌ని చేశారు. ఆమె ఇప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని జూనియర్ల ఎంట్రీలన్నీ తనే సరిచేస్తోంది. వీళ్లను లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి పంపితే పరిస్థితి మారుతుందా అని అడిగారు.

ఇప్పుడే పంపకండి. ఈ వృత్తిలో చాలా ఏళ్లుగా టీమ్‌లను నడుపుతున్న అనుభవంతో చెప్తున్నాను, మన దగ్గర నాయకత్వం అలవడేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, ఒకరి పనిని ఇంకొకరు రివ్యూ చేసేటప్పుడు. రెండోది, ఏదైనా విషయం ఎటూ తేలకుండా ఉన్నప్పుడు దాన్ని ఎవరు తేల్చాలి అన్న దగ్గర. ఈ రెండూ ఇప్పుడున్నట్టే ఉంటే ఎంత మంచి ట్రైనింగ్ ఇప్పించినా వాళ్లు తిరిగొచ్చి పాత పద్ధతిలోనే కూర్చుంటారు. అందుకని నా సమాధానంలో ఎక్కువ భాగం వీటి గురించే ఉంటుంది.

ముందుగా ఒక మాట. మీ సీనియర్‌లో లోపం ఉందని అనుకోకండి. మన పని మనిషికి కొన్ని అలవాట్లు నేర్పుతుంది. లెక్క టాలీ అయ్యేదాకా వదలకూడదు. కాగితం లేనిదే ఎంట్రీ వేయకూడదు. అనుమానం వస్తే పైవాళ్లను అడగాలి. తప్పు కనిపిస్తే వెంటనే దిద్దాలి. పుస్తకాలు శుభ్రంగా ఉండాలంటే ఇవన్నీ కావాల్సినవే. మనుషుల్ని నడపాలంటే మాత్రం వీటిలో కొన్నింటికి ఎదురు వెళ్లాలి. పూర్తి సమాచారం లేకుండానే ఏదో ఒకటి తేల్చాలి. తప్పు కనిపించినా చెయ్యి పెట్టకుండా ఆగాలి. తను చేసే పద్ధతిలో కాకుండా ఇంకో పద్ధతిలో చేసినా, ఫలితం సరిగ్గా ఉంటే ఒప్పుకోవాలి. పదేళ్లు ఒక రకంగా పనిచేసి మెప్పు పొందిన మనిషిని, పదవి పేరు మార్చి రేపటి నుంచి వేరే రకంగా ఉండమంటే ఎలా కుదురుతుంది?

బాగా పనిచేసేవాళ్లకే పదవి ఇవ్వడం అన్ని రంగాల్లోనూ ఉన్నదే. అలన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ అనే పరిశోధకులు అమెరికాలోని సేల్స్ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. ఎక్కువ అమ్మకాలు చేసేవాళ్లకే మేనేజర్ పదవి దక్కుతోందని, కానీ అలా వచ్చినవాళ్ల కింద టీమ్ పనితీరు తగ్గుతోందని అందులో తేలింది. నాకు ఇంకా ముఖ్యమనిపించింది రెండో విషయం. ఇతరులతో కలిసి పనిచేసి, ఫలితాన్ని పంచుకున్న అనుభవం ఉన్నవాళ్లు మంచి మేనేజర్లు అయ్యారు. అది సేల్స్ రంగం, మనది వేరు, నిజమే. కానీ మన ఆఫీసుల్లో నేను చూసిందీ ఇదే.

కాబట్టి తర్వాతి లీడర్ కోసం చూసేటప్పుడు ఎవరు తొందరగా పూర్తిచేస్తారు, ఎవరి ఫైల్లో తప్పులు తక్కువ అన్నవి మాత్రమే చూడకండి. సందేహం వస్తే జూనియర్లు ఎవరి టేబుల్ దగ్గరికి వెళ్తున్నారో గమనించండి. ఎవరైనా సెలవు పెట్టినప్పుడు, వాళ్లు రాసిపెట్టిన నోట్స్ చూసి ఇంకొకరు ఆ క్లయింట్ పనిని కొనసాగించగలుగుతున్నారా చూడండి. చెడు వార్తను డెడ్‌లైన్‌కి వారం ముందే చెప్పేది ఎవరు, ఆ రోజు సాయంత్రం చెప్పేది ఎవరు అన్నది చూడండి. మీరు ఇంతవరకు పెద్దగా పట్టించుకోని మనిషి పేరు ఈ మూడింట్లోనూ వస్తే ఆశ్చర్యపోకండి.

ఇక రివ్యూ. నా దృష్టిలో మీ సమస్య మొత్తం ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఏం జరుగుతోందో ఊహించగలను. జూనియర్ ఫైల్ ఇస్తారు. మీ సీనియర్ తెరిచి చూస్తుంది, తప్పు కనిపిస్తుంది, వివరించి వెనక్కి పంపడం కంటే తనే సరిచేస్తే రెండు నిమిషాల పని. సరిచేస్తుంది. నెల తర్వాత అదే తప్పు మళ్లీ వస్తుంది, ఎందుకంటే తప్పు చేసిన మనిషికి అది తప్పని తెలియనే తెలియదు. మీ దగ్గరికి శుభ్రమైన పుస్తకాలు వస్తాయి కాబట్టి మీకూ ఏమీ కనిపించదు. జూనియర్ ఎదగరు, సీనియర్ అలిసిపోతుంది. పైగా ఆమెకు 'నేను లేకపోతే ఇక్కడ ఏదీ సరిగ్గా జరగదు' అనే నమ్మకం బలపడుతుంది. ఆ నమ్మకం ఉన్నంతకాలం ఆమె ఎవరికీ ఏ పనీ అప్పగించలేకపోతుంది.

దీనికి నేను పెట్టే నియమం ఒకటే. రివ్యూ చేసేవాళ్లు ఎంట్రీని ముట్టుకోకూడదు. నోట్ రాయాలి, ఫైల్ తయారుచేసినవాళ్లే దిద్దాలి. మొదటి రెండు మూడు క్లోజింగ్‌లు దీనివల్ల ఆలస్యం అవుతాయి, ముందే చెప్తున్నాను. అందుకే ఒకేసారి అందరు క్లయింట్లకూ పెట్టకుండా, తొందర లేని నలుగురైదుగురు క్లయింట్లతో మొదలుపెట్టండి. ఫైల్ ఇప్పటికంటే రెండు రోజులు ముందే రివ్యూకి ఇచ్చేలా తేదీ మార్చండి. ఆ రెండు రోజులు లేకపోతే ఈ నియమం వారం కూడా నిలవదు. మరీ డెడ్‌లైన్ రోజు అయితే సీనియర్ దిద్దవచ్చు. కానీ ఏం దిద్దిందో నోట్ రాసి, మర్నాడు ఆ జూనియర్‌తో కూర్చుని చూపించాలి. మినహాయింపు దిద్దడం వరకే, జూనియర్‌కి చెప్పడం మాత్రం ఎప్పుడూ తప్పదు.

నోట్ ఎలా రాయాలన్నది కూడా నేర్పాల్సిందే. నా దగ్గర రివ్యూ నోట్స్ మూడు రకాలుగా విడగొట్టమంటాను. మొదటిది ఖచ్చితమైన తప్పు, అంటే ఒకే ఇన్వాయిస్ రెండుసార్లు వేయడం, బ్యాంకు రీకన్సిలియేషన్‌లో, అంటే మన పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చడంలో, పాత చెక్కు ఆరు నెలలుగా అలాగే వేలాడుతుండటం లాంటివి. రెండోది ఆలోచించి తేల్చాల్సిన విషయం, అంటే ఒక యంత్రం మీద పెట్టిన పెద్ద ఖర్చు మరమ్మతు కింద రాయాలా, ఆస్తి విలువకు కలపాలా అన్నది. మూడోది ఇష్టాయిష్టం. నరేషన్ (ఎంట్రీకి రాసే వివరణ) ఇంకాస్త పొడుగ్గా రాయడం, షీట్‌లో కాలమ్‌లు వేరే వరుసలో పెట్టడం లాంటివి. మూడో రకం నోట్ పంపకూడదు. సీనియర్లకు ఇదే చాలా కష్టమైన భాగం. మొదటి నెల ఆమె రాసిన నోట్స్ తీసుకుని, మీరిద్దరూ కూర్చుని ఏది ఏ రకమో విడగొట్టండి. మూడో రకం ఎన్ని ఉన్నాయో తనే చూస్తుంది, మీరు వేరే చెప్పక్కర్లేదు.

జవాబు చెప్పేయడానికీ, ఆలోచింపజేయడానికీ తేడా ఎంతుంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. జూనియర్ ఒక కంట్రోల్ ఖాతాను (చాలా చిన్న ఖాతాల మొత్తాన్ని ఒకచోట చూపే ఖాతా), దాని కింద ఉన్న ఖాతాల లిస్టుతో పోల్చి చూస్తున్నారు. 1,800 తేడా వస్తోంది. గంట నుంచి వెతుకుతున్నారు. సీనియర్‌కి అలవాటు కాబట్టి ఐదు నిమిషాల్లో పట్టేసి, 'ఇదిగో, 6,400 బదులు 4,600 వేశావు' అని చెప్పేయగలదు. దాని బదులు 'ఆ తేడా 9తో భాగించి చూడు' అనవచ్చు. 200 వస్తుంది, శేషం లేదు. తేడా 9తో నిశ్శేషంగా పోతే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలని, 2తో భాగిస్తే వచ్చిన మొత్తం, అంటే 900, ఎక్కడైనా ఉంటే డెబిట్ బదులు క్రెడిట్‌లో పడిందేమో చూడాలని ఈ వృత్తిలో పాతకాలం నుంచి నేర్పుతున్న చిట్కాలు. సాఫ్ట్‌వేర్ చాలా తప్పుల్ని ఆపేస్తుంది కానీ, చేత్తో వేసిన షీట్లలో, బయటి నుంచి వచ్చిన లిస్టుల్లో ఇవి ఇప్పటికీ పనికొస్తాయి. ఇలా చెప్పిన సీనియర్ తన పది నిమిషాలు పోగొట్టుకుంటుంది. కానీ ఆ జూనియర్ ఇంకెప్పుడూ ఈ తేడా పట్టుకుని ఆమె దగ్గరికి రారు, పక్కవాళ్లకు కూడా చెప్తారు.

రెండో రకం నోట్స్‌లో ప్రశ్న రూపంలో రాయడం అలవాటు చేయండి. 'ఇది ఆస్తి కింద వేయాలి' అని రాస్తే జూనియర్ ఎంట్రీ మారుస్తారు, అంతే. 'ఈ ఖర్చు వల్ల యంత్రం ఇంకా ఎక్కువ ఏళ్లు పనిచేస్తుందా, లేక చెడిపోయింది బాగుచేశారా? క్లయింట్‌ని అడిగావా?' అని రాస్తే, వాళ్లు క్లయింట్‌కి ఫోన్ చేయాలి, వచ్చిన జవాబు మీద ఒక నిర్ణయానికి రావాలి, కారణం రాయాలి. అడగడం, తేల్చడం, ఎందుకలా తేల్చారో చెప్పగలగడం. మీరు నేర్పాలనుకుంటున్న గుణాలు ఇవే కదా.

రివ్యూ నోట్స్‌ని పారేయకుండా ఒకచోట ఉంచండి. ఒకే మనిషికి ఒకే నోట్ మూడు నెలలు వరుసగా వస్తే, అక్కడి నుంచి అది ఆ జూనియర్ సమస్య మాత్రమే కాదు, సీనియర్ సరిగ్గా నేర్పారా అన్న ప్రశ్న కూడా వస్తుంది. అదే నోట్ నలుగురికీ వస్తుంటే చెక్‌లిస్ట్‌లోనో, క్లయింట్ నుంచి కాగితాలు వచ్చే తీరులోనో లోపం ఉంది. ఈ తేడా గుర్తించడం టీమ్ లీడర్ పని అని ఆమెకు స్పష్టంగా చెప్పండి.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ప్రతి సందేహం మీ దగ్గరికే వస్తోందంటే, ఏది ఎవరు తేల్చవచ్చో ఎక్కడా రాసి లేదని అర్థం. రెండు వారాలు ఒక పుస్తకం పెట్టుకుని, మీ దగ్గరికి వచ్చిన ప్రతి ప్రశ్ననూ ఒక్క లైన్లో రాయండి. ఎవరు అడిగారు, ఏం అడిగారు, మీరేం చెప్పారు. చివర్లో చూస్తే సగానికి పైగా ప్రశ్నలు ఒకే నాలుగైదు రకాలకు చెందినవిగా ఉంటాయి. సస్పెన్స్ ఖాతాలో (ఎక్కడ రాయాలో తేలనివి తాత్కాలికంగా పెట్టే ఖాతా) ఉన్న చిన్న మొత్తాన్ని ఎక్కడ వేయాలి? బిల్లు ఇంకా రాలేదు, అంచనా వేసి ఖర్చు చూపించాలా? ఫలానా క్లయింట్ స్టేట్‌మెంట్ పంపలేదు, గట్టిగా అడగవచ్చా? ఇద్దరు క్లయింట్ల పని ఒకేరోజు పడింది, ఏది ముందు? ఇవన్నీ సీనియర్లు తేల్చగలిగినవే. ఎంత మొత్తం దాకా వాళ్లు తేల్చవచ్చో ప్రతి క్లయింట్‌కీ ఒక హద్దు పెట్టి రాసివ్వండి. చిన్న క్లయింట్‌కి పెద్దదైన మొత్తం, పెద్ద క్లయింట్ పుస్తకాల్లో లెక్కలోకి రాకపోవచ్చు. అందుకే అందరికీ ఒకే హద్దు పనికిరాదు.

మీ దగ్గరే ఉండాల్సినవి కూడా అంతే స్పష్టంగా రాయండి. మోసం జరిగిందన్న అనుమానం, మూసేసిన నెలను తిరిగి తెరవడం, క్లయింట్ డబ్బు కదిలించే ఏ పనైనా, ఫీజు గురించిన మాటలు, క్లయింట్ వెళ్లిపోతానన్న సందర్భం. ఇవి వస్తే ఏ సమయమైనా సరే మీకు ఫోన్ చేయాలి. ఇంకో విషయం, నాయకత్వం పెంచడం పేరుతో నియంత్రణలు సడలించకండి. బిల్లు నమోదు చేసేవాళ్లు, దాన్ని ఆమోదించేవాళ్లు, డబ్బు చెల్లించేవాళ్లు ఒకే మనిషి కాకూడదన్న సూత్రం ఎంత నమ్మకస్తులైన సీనియర్‌కైనా వర్తిస్తుంది. నమ్మకం లేక కాదు, ఆ ఏర్పాటు వాళ్లను కూడా కాపాడుతుంది. ఈ మాట వాళ్లకు ముందే చెప్తే అవమానంగా అనిపించదు.

అధికారం ఇవ్వడం కూడా ఒక్కరోజులో జరిగేది కాదు. మొదట, సమస్యతో వచ్చేవాళ్లను 'నువ్వైతే ఏం చేస్తావు?' అని అడిగి, వాళ్ల అభిప్రాయం విన్నాకే మీ మాట చెప్పండి. కొన్నాళ్లకు, అభిప్రాయం లేకుండా మీ దగ్గరికి రావద్దనండి. ఆ తర్వాత, తేల్చుకుని అమలు చేసే ముందు ఒక మాట చెప్పమనండి. చివరికి, చేసేసి వారాంతంలో చెప్తే చాలనండి. ముగ్గురు సీనియర్లూ ఒకే మెట్టు మీద ఉండనక్కర్లేదు. ఒకే మనిషి కూడా జీతాల లెక్కల్లో చివరి మెట్టు మీద, స్టాకు విలువ కట్టడంలో మొదటి మెట్టు మీద ఉండవచ్చు. చాలామంది యజమానులు మనిషిని మొత్తంగా చూసి 'ఈమె సిద్ధం, ఈయన కాదు' అనేస్తారు. పనిని బట్టి చూడండి.

ఇందులో మీకు కష్టమయ్యేది ఒకటుంది. వాళ్లు మీరు చేసేదానికి భిన్నంగా తేలుస్తారు. అది తప్పైతే ఆపండి. తప్పు కాకపోతే, మీ పద్ధతి ఇంకాస్త మెరుగైనదని మీకు అనిపించినా వదిలేయండి. ముఖ్యంగా సీనియర్ క్లయింట్‌కి చెప్పేసిన మాటను మీరు క్లయింట్ ముందు మార్చకండి. అలా ఒక్కసారి జరిగితే చాలు, ఆ సీనియర్ మళ్లీ ప్రతిదీ మీ దగ్గరికి తేవడం మొదలుపెడతారు. క్లయింట్లు కూడా నేరుగా మీకే ఫోన్ చేస్తారు.

పొరపాట్ల సంగతి. హార్వర్డ్‌కి చెందిన ఏమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రి నర్సింగ్ టీమ్‌లలో మందుల పొరపాట్లను పరిశీలించారు. బాగా పనిచేసే టీమ్‌లలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహ. లెక్క చూస్తే ఆ టీమ్‌లలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, జరిగినవాటిని భయపడకుండా బయటికి చెప్పడమే దానికి కారణమని ఆమె వివరించారు. మన పనికి ఇది అచ్చంగా సరిపోతుంది. దాచిన తప్పు ఈ నెల ముగింపు నిల్వలో చేరి, వచ్చే నెల ప్రారంభ నిల్వగా మారి, మూడు నెలలకు దాని మొదలెక్కడో కూడా దొరకదు. అదే రోజు చెప్తే ఒక్క సవరణ ఎంట్రీతో పోతుంది.

కాబట్టి ఎవరైనా వచ్చి 'తప్పు చేశాను' అన్నప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా విలువైనది. 'ఎప్పుడు గమనించావు? దీనివల్ల ఇంకేం మారాయి? క్లయింట్‌కి ఏదైనా రిపోర్టు ఇప్పటికే వెళ్లిందా?' ఈ మూడు అడగండి. 'ఎలా చేశావసలు?' అన్నది ఆ రోజుకు పక్కన పెట్టండి. మీ సీనియర్లు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు. మీరు గొంతు పెంచితే వాళ్లూ జూనియర్ల మీద పెంచుతారు. దాచిపెట్టిన తప్పుకీ, చెప్పిన తప్పుకీ తేడా మాత్రం గట్టిగా పాటించండి. చెప్పినదానికి శిక్ష వద్దు, దాచినదాన్ని తేలిగ్గా వదలొద్దు. చెప్పినా, నేర్పినా అదే అజాగ్రత్త మళ్లీ మళ్లీ జరుగుతుంటే అది వేరే సంభాషణ, అది ఆ మనిషితో తలుపు వేసుకుని మాట్లాడాల్సింది.

ప్రతి క్లోజింగ్ అయ్యాక ఒక అరగంట అందరూ కూర్చోండి. ఏది ఆలస్యమైంది, ఏ పని రెండుసార్లు చేయాల్సి వచ్చింది, వచ్చే నెలకు ఏ ఒక్కటి మారుద్దాం. దీన్ని మీరు నడపకండి. ముగ్గురు సీనియర్లు వంతులవారీగా నడపాలి, కొన్నాళ్లకు జూనియర్లకూ వంతు రావాలి. మీరు ఓ మూల కూర్చుని వినండి. అందరి ముందు మాట్లాడటం, వాదన పెరిగితే సర్దడం, మౌనంగా ఉన్నవాళ్లను అడగడం, ఇవన్నీ చేస్తేనే వస్తాయి. ఆ అరగంటలో పెద్ద ప్రమాదమూ లేదు, నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

క్లయింట్‌తో మాట్లాడటం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. లెక్కల్లో దిట్ట అయిన చాలామంది ఫోన్ ఎత్తాలంటే టెన్షన్ పడతారు. మెయిల్ మీద మెయిల్ పంపుతారు కానీ మాట్లాడరు. వాళ్లను ఒక్కసారిగా మీటింగ్‌లోకి తోసేయకండి. మొదట మీతో పాటు కూర్చుని నోట్స్ రాయనివ్వండి. తర్వాత ఒక్క భాగం వాళ్లే చెప్పనివ్వండి, ఉదాహరణకి రావాల్సిన బకాయిల్లో ఏవి ముప్పై రోజులు దాటాయి, ఏవి తొంభై దాటాయి అన్నది. 'లాభం కనిపిస్తోంది, బ్యాంకులో డబ్బెందుకు లేదు?' అని అడిగే క్లయింట్లు ప్రతి సంస్థకూ ఉంటారు. ఆ ప్రశ్నకు డెబిట్, క్రెడిట్ అనే మాటలు వాడకుండా, సరుకులో ఎంత ఇరుక్కుంది, బకాయిల్లో ఎంత ఆగింది, అప్పు అసలు కింద ఎంత పోయింది అని మామూలు మాటల్లో చెప్పగలిగిన సీనియర్‌ని ఆ క్లయింట్ ఇక వదలరు. ఆ తర్వాత మీటింగ్ మొత్తం వాళ్లే నడపాలి, మీరు పక్కన ఉండాలి. చివరికి మీరు లేకుండా.

మీరు పక్కన ఉన్న మీటింగ్‌లో క్లయింట్ ఎంతసేపూ మీ వైపే చూసి అడుగుతారు. సమాధానం మీకు తెలుసు, చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. 'ఈ ఖాతాలు ఆవిడే చూస్తున్నారండి, ఆవిడ చెప్తారు' అనండి. ఆ ఒక్క వాక్యం మీ సీనియర్‌కి ఇచ్చే బలం చాలా ఎక్కువ.

కష్టమైన సంభాషణల్ని ముందే సాధన చేయించండి. క్లయింట్ తన సొంత ఖర్చును వ్యాపార ఖర్చు కింద వేయమన్నారు. స్టేట్‌మెంట్లు ఇవ్వకుండా రిపోర్టు ఆలస్యమైందని కోప్పడ్డారు. పోయిన నెల మన తప్పు ఉంది, అది మనమే చెప్పాలి. మీరు క్లయింట్ పాత్రలో కూర్చోండి, ఆమెను మాట్లాడనివ్వండి. మొదటిదాంట్లో 'కుదరదు' అనడంతో ఆగకూడదు. 'దీన్ని యజమాని వాడుకున్న డబ్బు కింద చూపిస్తాం, అలా చేస్తే మీ వ్యాపారం ఖర్చెంతో మీకే సరిగ్గా తెలుస్తుంది' అని దారి చూపించాలి. మర్యాదగా కాదనగలిగి, ఆ తర్వాత కూడా క్లయింట్‌తో సంబంధం నిలుపుకోగలిగితే ఆ మనిషి ఎదిగినట్టే.

రాత్రిళ్లు కూర్చుంటున్న మీ సీనియర్ విషయంలో ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. ఆమె సొంతంగా చూస్తున్న క్లయింట్లలో కనీసం మూడో వంతు తగ్గించండి. లీడర్ పదవి ఇచ్చి పాత పనంతా అలాగే ఉంచితే, టీమ్‌ని చూసుకోవడానికి ఆమెకు మిగిలేది రాత్రే. తగ్గించిన క్లయింట్లను తర్వాతి వరుసలో ఉన్నవాళ్లకు ఇవ్వండి, వాళ్లు ఎదగడానికి అదే అవకాశం. తర్వాత ఆమెతో కూర్చుని, ఇకపై ఆమె పనిని దేనితో కొలుస్తారో చెప్పండి. ఆమె ఎన్ని ఫైళ్లు పూర్తిచేసింది అని చూడరు. జూనియర్ల ఫైళ్లలో ఎన్ని మొదటిసారే వెనక్కి పంపనవసరం లేకుండా పాస్ అవుతున్నాయి, ఆమె సెలవులో ఉన్నప్పుడు పని ఎంతవరకు సాగుతోంది, ఇవి చూస్తారు. ఈ మాట చెప్పకపోతే ఆమె పాత కొలతతోనే తనను తాను కొలుచుకుంటుంది. రెండు వారాలకోసారి అరగంట ఆమెతో విడిగా మాట్లాడండి. క్లయింట్ల స్థితిగతులు అందులో వద్దు. టీమ్‌లో ఎవరితో ఇబ్బందిగా ఉంది, ఏ పని అప్పగించడానికి భయపడుతోంది, ఎందుకు, ఇవి మాట్లాడండి.

అలా మాట్లాడినప్పుడు, నాకు మనుషుల్ని నడపడం ఇష్టం లేదని ఆమె అనవచ్చు. నిజంగా అనవచ్చు. అప్పుడు ఆమెను ఒప్పించే ప్రయత్నం చేయకండి. క్లిష్టమైన రీకన్సిలియేషన్లు, కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి పాత లెక్కలు మార్చడం, చిక్కుపడ్డ పాత పుస్తకాలను బాగుచేయడం వంటి పనుల్లో నిపుణురాలిగా, టీమ్ లీడర్‌తో సమానమైన జీతంతో, గౌరవంతో ఉండే దారి మీ సంస్థలో ఉండాలి. పైకి వెళ్లడానికి మనుషుల్ని నడపడం ఒక్కటే మార్గమైతే, మంచి అకౌంటెంట్‌ని పోగొట్టుకుని ఇష్టంలేని మేనేజర్‌ని తెచ్చుకుంటారు.

జూనియర్ల విషయంలో త్వరగా రెండు మాటలు. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకివ్వండి, సీనియర్లకు కాదు. ప్రతి నెలా ఒక జూనియర్‌ని క్లోజింగ్ సమన్వయం చూడమనండి. ఎవరి దగ్గర ఏం పెండింగ్ ఉందో అడిగి, బోర్డు మీద రాసి, ఆలస్యం కనబడితే ముందే చెప్పడం. పదవి లేకుండా తనకంటే పెద్దవాళ్లను పని అడగడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది, ఎవరికి ఆ నేర్పు సహజంగా ఉందో మీకూ తెలుస్తుంది.

ట్రైనింగ్ ఎప్పుడు? ఇవన్నీ మొదలుపెట్టిన ఐదారు నెలలకు. అప్పటికి వాళ్ల దగ్గర సొంత ప్రశ్నలుంటాయి. లోపం ఎత్తిచూపేటప్పుడు మనిషి నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి, ఇద్దరి మధ్య గొడవ వస్తే ఏం చేయాలి, ఇలాంటి నిర్దిష్టమైన విషయాల మీద చిన్న క్లాసులు ఎంచుకోండి. మంచి మేనేజర్లు ఏం చేస్తారో తెలుసుకోవడానికి గూగుల్ సంస్థ 2008లో ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో తన సొంత ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించింది. తేలిన ఎనిమిది గుణాల్లో దగ్గరుండి నేర్పడం మొదటిది, సాంకేతిక నైపుణ్యం చివరిది. మన రంగానికి దీన్ని కాస్త జాగ్రత్తగా అన్వయించుకోవాలని నా అభిప్రాయం. లెక్క రానివాళ్లు లెక్కను రివ్యూ చేయలేరు, జూనియర్లు వాళ్లను గౌరవించరు కూడా. లెక్కలు రావడం కనీస అర్హత, దాని మీద నేర్పే ఓపిక ఉందా అన్నది చూడాలి.

అన్నీ కుదురుకుంటున్నాయా అని తెలుసుకోవడానికి, ఆరు నెలల తర్వాత కావాలనే ఒక క్లోజింగ్ వారం సెలవు పెట్టండి. ఇందాక చెప్పిన 'మీ దగ్గరే ఉండాల్సిన' జాబితాలోవి తప్ప దేనికీ ఫోన్ చేయొద్దనండి. తిరిగొచ్చాక ఏం ఆగిపోయిందో చూస్తే, ఏ అధికారం ఇంకా మీ చేతిలోనే ఉండిపోయిందో, ఏ సమాచారం మీ ఒక్కరికే తెలుసో బయటపడుతుంది. తర్వాతి మూడు నెలల పని అదే.

చివరిగా జీతం గురించి, మీరు అడగలేదు కానీ చెప్పాలి. 'ముందు బాధ్యత తీసుకో, బాగా చేస్తే తర్వాత చూద్దాం' అనే మాట మన వృత్తిలో చాలాచోట్ల వింటుంటాను. రోజంతా ఇతరుల ఆదాయ వ్యయాలు రాసే మనుషులు వాళ్లు, తమ లెక్క తాము వేసుకోరా? బాధ్యత మొదలైన నెల నుంచే పెంపు మొదలుపెట్టండి. మొత్తం ఒకేసారి ఇవ్వలేకపోతే సగం ఇప్పుడు ఇచ్చి, మిగతా సగం ఏ తేదీన, ఏం చూసి ఇస్తారో కాగితం మీద రాసివ్వండి. ఆ తేదీ వచ్చినప్పుడు వాళ్లు అడిగేదాకా ఆగకండి.